జానెడు నూనెచిత్రం, నేరుగా చిత్రకారుడి వేలంలో: పాడే ముందు చూడాల్సినవి

ఆరంగుళాల చదరపు బోర్డు. దాని మీద సగం కోసిన నిమ్మకాయ, వెనక ఇత్తడి చెంబు, చెంబు పొట్ట మీద నిమ్మపచ్చ మెరుపు. ప్రారంభ ధర 100 డాలర్లు, గడువు వారం. మధ్యలో గ్యాలరీ లేదు, దళారీ లేడు. బొమ్మ వేసిన మనిషే ఫొటో తీసి, ఆన్‌లైన్ వేలానికి పెట్టి, డబ్బు అందాక అట్టపెట్టెకు టేపు వేసి పంపిస్తారు. నెలజీతం మీద బతికేవాళ్లు అసలైన ఆయిల్ పెయింటింగ్ ఒకటి సొంతం చేసుకోవాలంటే దీనికంటే మంచి దారి కనబడదు. చిక్కల్లా ఒక్కటే. చాలామంది ఫొటో చూసి పాడతారు, ఫొటో కింద రాసిన నాలుగు లైన్లు చదవరు. పార్సిల్ విప్పాక వచ్చే పేచీల్లో చాలావరకు ఆ నాలుగు లైన్లలోనే తేలిపోయేవి.

ఈ పద్ధతికి ఊపు తెచ్చింది అమెరికాలో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌కి చెందిన డ్యువేన్ కైజర్. 2004 డిసెంబరులో రోజుకో చిన్న బొమ్మ వేయడం మొదలుపెట్టి, పోస్టుకార్డు సైజు నూనెచిత్రాలను ఈబేలో 100 డాలర్ల పాటతో అమ్మాడు. 2005 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్‌లో స్థిరపడ్డ ఇంగ్లిష్ చిత్రకారుడు జూలియన్ మెరో స్మిత్ కూడా అదే దారి పట్టాడు. చెర్రీలు, ఆప్రికాట్లు, ఆ చుట్టుపక్కల కొండలు రోజుకొకటి వేసి, ఈమెయిలు తెప్పించుకునేవాళ్లకు వేలంలో అమ్మేవాడు. తర్వాత కెరోల్ మరీన్, ఆమె భర్త కలిసి డైలీ పెయింట్‌వర్క్స్ అనే సైటు పెట్టడంతో, ఇలాంటి చిత్రకారులు ఎందరో ఒకే చోట దొరుకుతున్నారు. వీటిలో స్టిల్ లైఫే, అంటే కాయలు, గిన్నెల్లాంటి కదలని వస్తువుల బొమ్మలే, ఎక్కువ ఎందుకంటే కారణం మామూలుదే: కాయ కదలదు, కూలి అడగదు, కిటికీ పక్కన పెట్టుకుంటే రెండు మూడు గంటల్లో బొమ్మ అయిపోతుంది.

చిన్నది కదా అని తీసిపారేసేవాళ్లకు ఒక్క సంగతి. 1880లో ఫ్రెంచి చిత్రకారుడు ఎదువార్ మానే ఆస్పరాగస్ అనే కాడల కూర కట్టను బొమ్మ వేసి షార్ల్ ఎఫ్రుస్సీ అనే ఆయనకు 800 ఫ్రాంకులకు అమ్మాడు. ఆయన 1000 పంపాడు. మానే ఊరుకోకుండా, మీ కట్టలో ఒకటి తగ్గిందంటూ ఒంటి ఆస్పరాగస్ కాడను జానెడు కాన్వాస్ మీద వేసి పంపించాడు. కట్ట జర్మనీలో కొలోన్ మ్యూజియంలో ఉంది, ఆ ఒంటి కాడ పారిస్‌లో ఓర్సే మ్యూజియం గోడ మీద ఉంది.

ముందు స్కేలు తీయండి

ఫోన్ తెర నిండా కనబడే నిమ్మకాయ చేతికొచ్చేసరికి ఉసిరికాయంత ఉంటుంది. ఈ వేలాల్లో మామూలుగా కనబడే కొలతలు 5×7, 6×6, 8×8, 8×10 అంగుళాలు. కొలతలో మొదటి అంకె ఎత్తా వెడల్పా అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, బొమ్మ ఆకారంతో సరిచూసుకోవాలి. పాత న్యూస్‌పేపరు మీద ఆ కొలతకు చతురస్రం గీసి, కత్తిరించి, గోడకు అతికించి, సోఫాలో కూర్చుని చూడండి. 6×6 బొమ్మ పది అడుగుల దూరం నుంచి తపాలా బిళ్లలా అనిపిస్తుంది. దానికి సరైన చోటు రాసుకునే బల్ల ముందు, పుస్తకాల అలమర అరలో, మెట్ల మలుపులో. అంటే మనిషి మూడడుగుల దూరంలోకి వచ్చే చోట. హాల్లో టీవీ పైన ఖాళీని నింపడానికైతే ఇది పనికిరాదు, అందుకు వేరే వస్తువు కొనుక్కోండి.

కొలతలతో పాటు ధర పోల్చడానికి పెయింటర్లు వాడే లెక్కే వాడండి. 6×6 అంటే 36 చదరపు అంగుళాలు. 100 డాలర్లకు వస్తే చదరపు అంగుళం సుమారు 2.80. అదే మనిషి 8×10 బొమ్మ, అంటే 80 చదరపు అంగుళాలది, 220 డాలర్ల చుట్టుపక్కల ఉంటే రెండింటి ధరా ఒకే దామాషాలో ఉన్నట్టు. అంతకు బాగా తక్కువకు పెడితే పెద్ద బొమ్మే లాభం. అయితే చిన్న బొమ్మల్లో అంగుళం ధర కొంచెం ఎక్కువ ఉండటం న్యాయమే. నిమ్మకాయలు కుదిరేలా అమర్చడానికి పట్టే టైము బోర్డు చిన్నదైనంత మాత్రాన తగ్గదు.

దేని మీద వేశారు?

వర్ణనలో 'ఆయిల్ ఆన్ ప్యానెల్' అని ఉంటే అది పూర్తి జవాబు కాదు. హార్డ్‌బోర్డుకు జెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే తెల్లపూత) పూసి వేశారా, కాన్వాస్ అతికించిన అట్టా, ప్లైవుడ్డా, ఉత్త కార్డా అని అడగాలి. పల్చటి హార్డ్‌బోర్డు మందం అంగుళంలో ఎనిమిదో వంతు ఉంటుంది. వెనక చెక్క చట్రం బిగించినదైతే ముప్పావు అంగుళం నుంచి రెండంగుళాల దాకా ఉంటుంది. మొదటిదానికి ఫ్రేమ్ కట్టించక తప్పదు, రెండోదాన్ని అలాగే మేక్కి తగిలించవచ్చు. కాన్వాస్ అతికించిన చవక అట్టలు మన వానాకాలంలో మూలల దగ్గర విచ్చుకుంటాయి, వంగుతాయి. హార్డ్‌బోర్డు కూడా ముందువైపు మాత్రమే పూత ఉండి వెనక పచ్చిగా వదిలేస్తే చెమ్మ ఒకవైపే పీల్చుకుని దోనెలా వంపు తిరుగుతుంది. వెనకవైపు, అంచులు కూడా పూసి మూసేశారా అన్నది అడగదగ్గ ప్రశ్న. సమాధానంగా వెనకవైపు ఫొటో వస్తే ఇంకా మంచిది.

అక్రిలిక్ జెస్సో మీద నూనె రంగు నిలుస్తుంది, ఇబ్బంది లేదు. తిరగేసి నూనె రంగు మీద అక్రిలిక్ వేస్తేనే పెచ్చులూడుతుంది. 'మిక్స్‌డ్ మీడియా' అని రాసిన చోట ఏది కింద, ఏది పైన అని అడగండి.

రంగుల విషయంలో ఒకే ఒక్క ప్రశ్న చాలు: ఎర్రగులాబీల్లో, దానిమ్మల్లో, ద్రాక్షల్లో వాడిన ముదురెరుపు ఏది? పాత రకం అలిజరిన్ క్రిమ్సన్, ట్యూబు మీద పీఆర్ 83 అని ఉంటుంది, వెలుతురుకు క్రమంగా వెలిసిపోతుంది. దాని బదులు క్వినాక్రిడోన్ రకాలు లేదా 'పర్మనెంట్' అలిజరిన్ వాడామని చెబితే నిశ్చింత. ట్యూబు నంబరు అడిగితే నొచ్చుకునే చిత్రకారులు తక్కువే. అడిగేవాళ్లు ఉన్నందుకు సంతోషించేవాళ్లే ఎక్కువ.

ఆరిందా లేదా: అసలు గొడవంతా ఇక్కడే

నూనె రంగు నీటిరంగులా తడి ఆవిరై ఆరదు. అందులోని అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని గట్టిపడుతుంది. కాబట్టి ఫ్యాను కింద పెట్టి తొందరపెడితే ఆరే రకం కాదు. అదీకాక రంగు రంగుకూ ఒక లెక్క. అంబర్ లాంటి మట్టిరంగులు, వాటిలో మాంగనీసు ఉండటం వల్ల, రెండు మూడు రోజుల్లో వేలికి అంటడం మానేస్తాయి. టైటానియం తెలుపు, క్యాడ్మియం పసుపు, ఐవరీ నలుపు వారం పది రోజులైనా జిగురుగానే ఉంటాయి. నిమ్మకాయ బొమ్మలో నిమ్మకాయంతా క్యాడ్మియం పసుపూ తెలుపే కదా! పైగా మెరుపు చుక్క దగ్గర కత్తితో మందంగా పెడతారు. బోర్డంతా ఆరినట్టే ఉంటుంది, ఆ ఒక్క చుక్క మాత్రం పైన మీగడ కట్టి లోపల మెత్తగా నెలలపాటు ఉండిపోతుంది.

వేలం వారం నడుస్తుంది, బొమ్మ వేసింది వేలం ముందురోజు. గెలిచిన మర్నాడే పార్సిల్ కట్టారంటే లెక్క చెప్పక్కర్లేదు. అందుకని బొమ్మ వేసిన తేదీ అడగాలి, ఎండబెట్టే మందు కలిపారా అని అడగాలి. లిక్విన్, గాల్కిడ్ లాంటి ఆల్కిడ్ మీడియం కలిపితే పల్చటి పొరలు ఒక రోజులో ఆరతాయి. ఏమీ కలపకపోతే పల్చటి బొమ్మకు రెండు వారాలు, మందంగా రంగు దట్టించినదానికి ఆరు వారాలు ఆగి పంపమని రాయండి. మంచి అమ్మకందారైతే 'తడిగా ఉంది, ఆరాక పంపుతాం' అని వర్ణనలోనే ముందుగా చెబుతారు. ఈ మాట ఉండటమే నమ్మకానికి మొదటి గుర్తు.

వార్నిష్ సంగతి దీనికి జంట. డామర్ లాంటి పాతకాలపు వార్నిష్ వేయాలంటే ఆరు నెలల నుంచి ఏడాది ఆగాలి. ముందే వేస్తే అందులోని ద్రావకం మెత్తటి రంగును కదిలిస్తుంది, తర్వాత శుభ్రం చేయాల్సి వస్తే వార్నిష్‌తో పాటు రంగూ ఊడొస్తుంది. గ్యామ్‌వార్ రకం కొత్త వార్నిష్‌లకు అంత ఆగనక్కర్లేదు, అన్నిటికంటే మందమైన చోట కూడా తాకితే గట్టిగా ఉంటే చాలు. కాబట్టి వారం క్రితం వేసిన బొమ్మకు 'ఫైనల్ వార్నిష్ వేశాం' అని రాసి ఉంటే అనుమానించండి. 'వార్నిష్ వేయలేదు' అని ఉంటే అది లోపం కాదు, నిజాయితీ.

వార్నిష్ లేని బొమ్మలో ఇంకో తంటా: నల్లటి, గోధుమరంగు నీడల్లో అక్కడక్కడా మసకబారిన మచ్చలు. కింది పూత నూనెను పీల్చేసుకోవడం వల్ల అక్కడ మెరుపు పోతుంది. చెంబు వెనక నీడ సగం నిగనిగలాడుతూ, సగం బూడిద పూసినట్టు ఉంటే కారణం ఇదే. రంగు పాడైనట్టు కాదు. వార్నిష్ పడగానే ఆ నలుపు మళ్లీ లోతుగా పలుకుతుంది.

పాట పాడటం

బాలాపూర్ లడ్డూ వేలంలో ఎవరు ఎంత పాడారో మైకులో ఊరంతా వింటుంది. ఇక్కడ అలా కాదు. ఈబే తరహా వేలంలో మీరు మీ గరిష్ఠ మొత్తాన్ని గుట్టుగా రాసిపెడతారు, మీ తరఫున యంత్రం పాడుతూ పోతుంది. లెక్క ఇలా: ఎవరో 120 డాలర్ల గరిష్ఠం పెట్టి ఉన్నారు, మీరు 160 పెట్టారు. 100 నుంచి 250 లోపు పెంపు మెట్టు రెండున్నర డాలర్లు కాబట్టి తెర మీద ధర 122.50 చూపిస్తుంది, ముందున్నది మీరే. ఆఖరి నిమిషంలో మూడో మనిషి 158 పెట్టాడనుకోండి, ధర మీ గరిష్ఠం 160కి చేరి ఆగుతుంది, బొమ్మ మీదే. అతను కూడా సరిగ్గా 160 పెట్టినా మీదే, ముందు పెట్టినవారిది కాబట్టి. అదే 161 పెడితే పోయినట్టే. గుండ్రటి అంకె చాలామంది పెడతారు. 160 బదులు 163.50 పెట్టేవాళ్లు ఊరికే పెట్టరు.

ఈబేలో గడువు ముగిశాక పొడిగింపు లేదు. ఆఖరి అయిదు సెకన్లలో వచ్చి కొట్టుకుపోయేవాళ్లుంటారు. వాళ్లను తిట్టుకుని లాభం లేదు. మీరు నిజంగా ఎంతదాకా పెట్టగలరో అంతా ముందే రాసి పక్కకు తప్పుకుంటే వాళ్లు చేయగలిగింది తక్కువ. కొన్ని వేలాల్లో చివరి నిమిషాల్లో పాట పడితే గడువు జరుగుతుంది. అక్కడ ఓపికకు ఫలం ఉంటుంది, పంతానికి ఖర్చూ ఉంటుంది. ఏ రకమో నిబంధనల్లో చదవండి. టైము జోను కూడా చూసుకోవాలి. అమెరికా తూర్పు తీరంలో రాత్రి 9 గంటలంటే మనకు మర్నాడు ఉదయం 6.30, వాళ్ల శీతాకాలంలో 7.30.

ఒక చిత్రకారుడి వేలాలు నెలరోజులు ఊరికే గమనించి, ఎంతకు ముగుస్తున్నాయో కాగితం మీద రాసుకుంటే మార్కెట్ తెలిసిపోతుంది. పళ్లు, పింగాణీ కప్పులు, వెండి గిన్నెలు ఉన్నవి పైకి పోతాయి. ఉల్లిపాయలు, గుడ్లు, పాత సీసాలు చాలాసార్లు ప్రారంభ ధర దగ్గరే ఉండిపోతాయి. పనితనం చూడాలంటే గుడ్లే చూడాలి నన్నడిగితే. తెల్లగుడ్డ మీద తెల్లగుడ్డును నిలబెట్టినవాడి చేతికి తిరుగులేదు.

చివరి బిల్లు

పెద్ద వేలం సంస్థలు పలికిన ధర మీద 'బయ్యర్స్ ప్రీమియం' అని అదనంగా వసూలు చేస్తాయి, దాని మీద మళ్లీ పన్ను. చిత్రకారుడి సొంత వేలంలో ఆ బాదుడు సాధారణంగా ఉండదు, ఇది పెద్ద ఊరట. కానీ రవాణా ఉంది, బీమా ఉంది. అమెరికాలోనే ఉండి కొనుక్కునే మనవాళ్లకు రాష్ట్రం సేల్స్ టాక్స్ పడొచ్చు. ఇండియాకు తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం, దాని పైన ఐజీఎస్టీ (దిగుమతి మీద వేసే జీఎస్టీ), కార్డు వాడితే బ్యాంకు వేసే విదేశీ మారకం మార్కప్, కొరియర్ కంపెనీ క్లియరెన్స్ ఫీజు. 100 డాలర్ల బొమ్మకు రవాణా, సుంకాలు కలిపి బొమ్మ ధరను దాటిపోవడం వింతేమీ కాదు. మన దేశంలో పెయింటింగుల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. కస్టమ్స్ రేట్లు మాత్రం మారుతుంటాయి కాబట్టి పాడే ముందే కొరియర్ వాళ్లను అడిగి ఒక అంకె రాయించుకోండి.

కస్టమ్స్ డిక్లరేషన్ మీద పూర్తిగా చేత్తో వేసిన ఒరిజినల్ పెయింటింగ్ అని, కస్టమ్స్ కోడ్ 9701 అని, అసలు ధర వేయమనండి. 'గిఫ్ట్ అని రాసేస్తాలెండి, పది డాలర్లు వేస్తా' అనే అమ్మకందారు మేలు చేయడం లేదు. అది తప్పుడు డిక్లరేషన్, పైగా పార్సిల్ పోతే బీమా పది డాలర్లకే.

అమెరికాలో అన్నయ్యో అక్కయ్యో ఉంటే వాళ్ల అడ్రసుకే తెప్పించి, ఊరికి వచ్చేటప్పుడు చేతిసంచీలో తెమ్మనడం చాలామంది చేసే పని. 6×6 బోర్డు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఇమిడిపోతుంది. సూట్‌కేసులో మాత్రం వద్దు.

పెట్టె, విప్పడం

బబుల్ రాప్‌ను రంగు మీద నేరుగా చుడితే, మెత్తగా ఉన్న రంగు మీద గుండ్రటి అచ్చులు పడతాయి. మే నెలలో కొరియర్ వ్యాన్‌లో నాలుగు గంటలు ఉంటే ఆరిందనుకున్న రంగు కూడా మెత్తబడి అచ్చు తీసుకుంటుంది. సరైన పద్ధతి: బొమ్మ ముఖానికి సిలికాన్ పూత ఉన్న కాగితం, అంటే బేకరీల్లో ట్రేల కింద పరిచేదే. నాలుగు మూలలకూ అట్టముక్కలు, వాటివల్ల పైన పెట్టే బోర్డు రంగును తాకదు. ముందొకటి వెనకొకటి గట్టి అట్టలు, బొమ్మకంటే ప్రతి వైపూ రెండంగుళాలు ఎక్కువ. ఆ పైన బబుల్ రాప్, బుడగలు బయటికి ఉండేలా. ఇదంతా పెట్టెలో కదలకూడదు. పంపే ముందు ప్యాకింగ్ ఎలా చేస్తారో ఒక్క లైను అడిగితే చాలు, ఉత్త కవరులో పంపేవాళ్లు ఆ జవాబులోనే బయటపడతారు.

విప్పేటప్పుడు ఫోన్‌ను స్టాండుకు పెట్టి వీడియో తీయండి. పెట్టె బయటి నొక్కులతో సహా. కాగితం అంటుకుపోయి ఉంటే లాగొద్దు. ఒక మూల నుంచి చాలా వాలుగా, కాగితాన్ని దానిమీదికే మడుస్తూ తీయాలి. అయినా రాకపోతే ఆపి చిత్రకారుడికి ఫొటో పంపండి, బలవంతం చేస్తే నిమ్మకాయ మెరుపు కాగితంతో పాటు వచ్చేస్తుంది.

తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్లి బోర్డును దాదాపు అడ్డంగా, వెలుతురు రంగు మీద జారేలా పట్టుకోండి. కుంచె గాట్లన్నీ దున్నిన పొలంలా పైకి లేస్తాయి. అప్పుడు కనబడాల్సినవి కనబడతాయి: నొక్కులు, అంటుకున్న దారప్పోగు, అంచుల్లో పెచ్చు, మసక మచ్చలు. చేత్తో వేసిన బొమ్మా, కాన్వాస్ మీద అచ్చేసి పైన పారదర్శక జిగురుతో గాట్లు పెట్టినదా అన్నది కూడా ఇక్కడే తేలుతుంది. అచ్చయితే పై గాట్లకూ కింది రంగులకూ పొంతన ఉండదు, భూతద్దం పెడితే సన్నటి చుక్కలు కనిపిస్తాయి. ఈ తేడా కన్నుకు పట్టాలంటే హైదరాబాద్ వాళ్లు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ చిత్రాల ముందు కాసేపు పక్కకు వంగి నిలబడితే సరి.

రంగు ఫొటోలో కంటే చల్లగా, డల్‌గా అనిపిస్తే వెంటనే ఫిర్యాదు రాయొద్దు. ఫోన్ తెరలు రంగు పెంచి చూపిస్తాయి, ఇంట్లో పసుపు బల్బు ఇంకోలా చూపిస్తుంది. పగటి వెలుతురులో, పక్కన తెల్ల కాగితం పెట్టి చూశాక కూడా తేడా ఉంటే అప్పుడు అడగండి. తెలివైనవాళ్లు అలా తెల్ల కాగితం పక్కన పెట్టి తీసిన ఫొటోను పాడే ముందే అడిగి తెప్పించుకుంటారు.

ఇంట్లో పెట్టే చోటు: దేవుడి గది దగ్గర వద్దు, దీపం మసి, అగరుబత్తి పొగ వార్నిష్ లేని రంగులోకి ఇంకిపోతాయి. వంటింటి గోడా అంతే. పడమటి ఎండ నేరుగా పడే చోటు వద్దు, వానాకాలం చెమ్మ దిగే బయటి గోడ వద్దు. అలాగని భద్రమని బీరువాలో గుడ్డ చుట్టి దాచొద్దు, చీకట్లో ఉంటే అవిసె నూనె పసుపెక్కుతుంది. అలా పసుపెక్కినదాన్ని కొన్ని వారాలు వెలుతురున్న గదిలో, నేరుగా ఎండ తగలకుండా ఉంచితే చాలావరకు తేరుకుంటుంది.

మన దగ్గర ఇన్‌స్టా వేలాలు

హైదరాబాద్, విశాఖ చిత్రకారులు కూడా చిన్న స్టిల్ లైఫ్‌లు ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పాటకు పెడుతుంటారు. సుంకాల బెడద లేదు, పార్సిల్ రెండు రోజుల్లో వస్తుంది, కుదిరితే స్టూడియోకి వెళ్లి చూసి రావచ్చు. ధరకు తగిన పని ఇక్కడే ఎక్కువ దొరుకుతుంది. బలహీనత అంతా పాట నడిపే తీరులో. కామెంట్‌లో పాడి, ఇంకొకరు పాట పెంచగానే తన కామెంట్ చెరిపేసేవాళ్లుంటారు. పైనున్నవాడు తప్పుకుంటే మీరు ఏ ధర కట్టాలి? దీనికి ముందే రాసిపెట్టిన నియమం ఉండాలి: కనీస పెంపు ఎంత, గడువు ఏ నిమిషం, గెలిచినవాడు ఎన్ని గంటల్లో కట్టాలి, కట్టకపోతే రెండో పాటదారుకు ఏ ధరకు ఇస్తారు. ఈ నాలుగూ పోస్టులో లేకపోతే ఆ పాటలో దిగకపోవడం మేలు. గెలిచాక చిత్రకారుడి పేరుతో వేరే అకౌంటు నుంచి యూపీఐ నంబరు వస్తే ఆగండి, అసలు అకౌంటులో అడిగి, యూపీఐలో కనిపించే పేరు సరిపోయాకే కట్టండి.

బిల్లు కట్టినంత మాత్రాన బొమ్మ మీద హక్కులన్నీ రావు. 1957 కాపీరైట్ చట్టం కింద, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైటు చిత్రకారుడిదే. గోడకు పెట్టుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పెళ్లికార్డు మీద అచ్చేయించుకోవడానికి మాత్రం అడగాలి. మళ్లీ అమ్మినప్పుడు ధర 10,000 రూపాయలు దాటితే అందులో వాటా కోరే హక్కు చిత్రకారుడికి ఉంది, అది 10 శాతం మించకూడదని 53ఎ సెక్షన్ చెబుతోంది. పెద్దగా ఎవరూ అమలు చేయించుకోని సెక్షనే, కానీ ఉంది.

ఫ్రేమ్

వేలం ఫొటోలో బొమ్మ చుట్టూ కనిపించే బంగారు ఫ్రేమ్ చాలాసార్లు కంప్యూటర్‌లో తగిలించింది, పార్సిల్‌లో రాదు. మన ఫ్రేమ్ షాపులకు దేవుడి పటాలు, ఫొటోలు అలవాటు. చెప్పకపోతే అద్దం వేసేస్తారు. నూనెచిత్రానికి అద్దం అక్కర్లేదు. అద్దం రంగుకు ఆనుకుంటే అంటుకుపోతుంది. దుమ్ము భయంతో వేయించుకోవాల్సి వస్తే అద్దానికీ బొమ్మకూ మధ్య కనీసం అయిదు మిల్లీమీటర్ల పట్టీ పెట్టమనండి. ఫ్రేమ్ చెక్క (బీడింగ్) లోపలి గాడి బోర్డు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు వదులుగా ఉండాలి, వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది. బిగుతుగా కొడితే అంచుల్లో రంగు చిట్లుతుంది. ముందు నిలబడే ఉండి రెండు మాటలు చెప్పండి: అద్దాలు తుడిచే స్ప్రే కొట్టొద్దు, రంగు వైపు బల్లకు ఆనించి వెనక మేకులు కొట్టొద్దు. కింద మెత్తటి ఫోమ్ పరిచి, అంచులు మాత్రమే ఆనేలా పెట్టి కొట్టాలి. వెనక కింది మూలలకు రెండు ఫెల్ట్ బిళ్లలు అతికిస్తే గోడకూ బొమ్మకూ మధ్య గాలి ఆడుతుంది.

ఇంకొకటి, షాపుకు ఇవ్వకముందే. బోర్డు వెనక చిత్రకారుడి సంతకం, తేదీ, బొమ్మ పేరు, వాడిన మీడియం రాసి ఉంటాయి. ఫ్రేమ్ వెనక దుమ్ము చొరకుండా బ్రౌన్ పేపర్ అతికించగానే అవన్నీ కనబడకుండా పోతాయి. ముందే ఫొటో తీసి, వేలం పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, 'ఇంకా వార్నిష్ వేయలేదు' అన్న మెసేజీ కలిపి ప్రింటు తీసి, కవరులో పెట్టి ఆ బ్రౌన్ పేపర్ మీదే అంటించమనండి.